కుర్చీ వెనక గుండయ్య

కోర్టు హాల్లో జడ్జి కుర్చీ వెనక నిలబడే మనిషిని ఎవరూ చూడరు. వకీళ్ళు జడ్జి ముఖం చూస్తారు, కక్షిదారులు వకీళ్ళ ముఖం చూస్తారు, జడ్జి గడియారం చూస్తాడు. తెల్లటి పొడవు కోటు, దాని మీద ఎర్ర పట్టీ, ఇత్తడి బిళ్ళ, తలకు పాగా. ఇంత ముస్తాబు చేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గోడకు ఆనకుండా నిలబడ్డా ఎవరి కంటికీ ఆనని ఉద్యోగం దఫేదారుది. మా గుండయ్యకు ఆ ఉద్యోగంలోనే తల నెరిసింది.

నేను డానియేలును. అదే కోర్టులో స్టెనోని. జడ్జిగారు నోటితో చెప్పేది రాసుకుని టైపు చేసి పెట్టడం నా పని. మా ఇల్లు మలక్‌పేట. గుండయ్య ఉప్పుగూడలో లోకల్ రైలెక్కి మలక్‌పేటలో దిగేవాడు. అక్కడి నుంచి ఇద్దరం ఒకే ఆటోలో కోర్టుకు పోయేవాళ్ళం. ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చున్నా మా మధ్య మాటలు తక్కువ. అతను మాట్లాడే రకం కాదు, నేను వినే రకం కాదు. బహుశా అందుకే మా స్నేహం నిలిచింది.

దఫేదారు పని చెప్పడానికి తేలిక. జడ్జిగారు గదిలోంచి బయటికి రాగానే ముందు నడవాలి. వరండాలో జనం గోడకు అతుక్కుపోయి దారి ఇవ్వాలి. హాల్లోకి రాగానే కుర్చీ వెనక్కి లాగాలి, ఆయన కూర్చోబోయే క్షణంలో ముందుకు నెట్టాలి. ఆ ఒక్క క్షణం తప్పితే న్యాయం నేల మీద కూర్చుంటుంది. తర్వాత కదలకుండా వెనకాల నిలబడాలి. ఆయన లేచినప్పుడు మళ్ళీ కుర్చీ లాగాలి. ఇందులో గుండయ్య ఏనాడూ తడబడలేదు.

మేమిద్దరం చాలాకాలం కలిసి పనిచేసింది జస్టిస్ సోమశేఖర్ గారి దగ్గర. మున్సిఫు కోర్టు నుంచి మొదలుపెట్టి, జిల్లా జడ్జిగా ఊళ్ళు తిరిగి, జుట్టు రాలాక పెద్ద కోర్టు మెట్లెక్కిన మనిషి. ఎవరి సిఫారసూ లేకుండా వచ్చానన్న పొగరు ఆయనకు ఉండేది, అది దాచుకునేవాడు కూడా కాదు. ఛార్జి తీసుకున్న రోజే గుండయ్యను గదిలోకి పిలిచి నా ముందే చెప్పాడు: "చూడు గుండయ్యా, కేసుల సంగతి నా దగ్గర ఎత్తొద్దు. నీవైనా, నీ చుట్టాలవైనా. ఎత్తిన రోజు నువ్వు ఈ గదిలో ఉండవు."

"సరే సార్," అన్నాడు గుండయ్య. అతను సరే అన్నాడంటే ఇక అంతే. కొందరు మాటను గౌరవిస్తారు, కొందరు మాటకు భయపడతారు. గుండయ్య దాన్ని తీసుకుపోయి కుర్చీ లాగడం పక్కన పెట్టుకున్నాడు. అదీ ఉద్యోగంలో భాగమే అనుకున్నాడు.

సోమశేఖర్ గారి చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక లొల్లి ఉండేది. ఆదేశాలు ఎందుకు అమలు చేయలేదని ఒక పెద్ద అధికారిని పొద్దుటి నుంచి కోర్టు లేచేదాకా నిలబెట్టాడు. పత్రికల్లో సగం మంది శభాష్ అన్నారు, సగం మంది అహంకారమన్నారు. తోటి జడ్జికి ఇచ్చిన వీడ్కోలు విందుకు పోలేదు, దానికో కథ అల్లారు. పాతబస్తీలో ఒక శ్మశానం గోడ కూల్చకుండా స్టే ఇచ్చినప్పుడు ఫోన్లలో ఆయన బొమ్మకు ఆకుపచ్చ టోపీ తగిలించి 'పాకిస్తాన్ జడ్జి' అని తిప్పారు. ఒక టీవీ వాడైతే రాత్రంతా అదే పేరుతో పిలిచాడు.

మర్నాడు ఆటోలో గుండయ్య చాలాసేపు ఆలోచించి నన్నడిగాడు. "పాకిస్తాన్ అంటున్నరేంది సార్? మా సార్‌ది జగిత్యాల గదా."

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆ రోజు సోమశేఖర్ గారు ఎప్పటిలాగే వచ్చి కూర్చున్నారు. గుండయ్య ఎప్పటిలాగే కుర్చీ నెట్టాడు.

గుండయ్య కూతురు భాగ్యశ్రీ పెళ్ళి ఫలక్‌నుమాలో ఒక ఫంక్షన్ హాల్లో అయింది. ఎవరింటికీ పోని సోమశేఖర్ గారు ఆ పెళ్ళికి వచ్చారు. ఆయనకు వేదిక మీద కుర్చీ వేశారు. ఫోటో తీసేవాడు అందరినీ చుట్టూ చేరమన్నాడు. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు ఆయనకు చెరో పక్కన నిలబడ్డారు. గుండయ్య, కన్నతండ్రి, పట్టుపంచె కట్టుకుని పోయి కుర్చీ వెనక నిలబడ్డాడు. ఎవరూ చెప్పలేదు, కాళ్ళు వాటంతట అవే పోయాయి. అతని భార్య ఆగమ్మ ఆ ఫోటోకు ఫ్రేమ్ కట్టించి ఇంట్లో పెట్టింది. వచ్చిన వాళ్ళందరికీ చూపించి, "బిడ్డ పెండ్లిల గూడ కుర్చెనకనే నిలబడ్డడు సూడు మా ఆయన," అని ముసిముసిగా నవ్వేది. ఆ ఫోటో అంటే ఆమెకు ప్రాణం.

వాళ్ళ ఇల్లు ఉప్పుగూడ అవతల మురికి నాలా పక్కన, రాళ్ళగుంత బస్తీలో. ఆ పేరు నాకు అప్పటికి తెలియదు. గుండయ్య చెప్పలేదు, నేను అడగలేదు. ఉప్పుగూడ అంటే ఉప్పుగూడే అనుకున్నాను. నాలా వెడల్పు చేస్తాం, ఇళ్ళు ఖాళీ చేయండని బస్తీకి నోటీసులొచ్చాయి. నాలాకు అవతల పెద్ద వెంచర్ వేసినవాళ్ళకు ఆ ఇళ్ళు అడ్డంగా ఉన్నాయని బస్తీ మొత్తానికి తెలుసు. బస్తీవాళ్ళు కోర్టుకెక్కారు. కాగితాల మీద బస్తీ పేరు లేదు, సర్వే నంబర్లే ఉన్నాయి. కేసు తిరిగి తిరిగి సోమశేఖర్ గారి ముందుకు వచ్చింది.

పిటిషన్‌లో బస్తీలోని అన్ని ఇళ్ళ వాళ్ళూ సంతకాలు పెట్టారు, గుండయ్య ఇంటి నుంచి తప్ప. "నేను ఆ కోర్టుల నిలబడేటోణ్ణి. నా పేరుండొద్దు," అన్నాడట. ఇవన్నీ నాకు తర్వాత ఆగమ్మ చెప్పింది. చికెన్ షాపు వైకుంఠం బస్తీకి పెద్దమనిషి. అతను వచ్చి బతిమాలాడు.

"అన్నా, నువ్వు పొద్దుమాపు సార్ ఎనకనే ఉంటవ్. చాయ్ ఇచ్చేటప్పుడు ఒక్క మాట చెవుల ఎయ్యరాదే. మా ఇండ్లు సార్, జర చూడుండ్రి అని."

"చెప్పను."

"నీ ఇల్లు గూడ పోతది గదనే!"

"పోనియ్. చెప్పను."

సోమశేఖర్ గారు స్టే ఇచ్చారు. ఆ సాయంత్రం బస్తీలో మిఠాయి పంచారు. గుండయ్యే లోపాయికారీగా చెప్పి ఉంటాడని అందరూ అనుకున్నారు. కాదని అతనెంత మొత్తుకున్నా నమ్మలేదు. వైకుంఠం కన్నుకొట్టి, "నాకు తెల్వదా అన్నా," అన్నాడట. చేయని మేలుకు దండాలు పెట్టించుకోవడం ఎంత నరకమో గుండయ్యకు అప్పుడు తెలిసింది. రైలు దిగి ఇంటికి పోయేటప్పుడు వెనక సందులోంచి పోవడం మొదలుపెట్టాడు.

వాదనలు ముగిశాయి. తీర్పు రిజర్వు చేశారు. ఆషాఢం చివరికొచ్చింది, పాతబస్తీ బోనాలు ఆదివారం. దానికి ముందు శుక్రవారం సోమశేఖర్ గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేయించారు. తలుపు బయట గుండయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన పచార్లు చేస్తూ తీర్పు చెప్పారు, నేను రాసుకున్నాను. దగ్గరలోనే వేరే ఇళ్ళు కట్టి, తాళాలు చేతికిచ్చాక తప్ప ఒక్క ఇటుక కూడా కదపకూడదు. అదీ తీర్పు. బోనాల మర్నాడు సోమవారం కోర్టుకు సెలవు కాబట్టి మంగళవారం చదువుదామన్నారు. నేను పుస్తకం మూసి బయటికి వచ్చాను. గుండయ్య లేచి నాకు దారి ఇచ్చాడు. నాకది ఒక సర్వే నంబరు మాత్రమే.

బోనాలకు ప్రతి గల్లీలో ఫ్లెక్సీలు కడతారు. పైన అమ్మవారు, కింద లీడర్ల తలలు, ఇంకా కింద నల్లకళ్ళద్దాల కుర్రాళ్ళు. శనివారం గుండయ్య కూరగాయలకని బయటికొచ్చి బస్తీ కమాను దగ్గర ఆగిపోయాడు. కమాను మీద ఫ్లెక్సీ. పైన అమ్మవారు, నడుమ కుర్చీలో సోమశేఖర్ గారు, కుర్చీ వెనక పట్టుపంచెలో తాను. కింద పెద్ద అక్షరాలతో 'మా ఇండ్లు నిలబెట్టిన దేవునికి రాళ్ళగుంత బస్తీ దండాలు' అని రాసి ఉంది.

"ఏందిరా వైకుంఠం ఇది?"

"మస్తుగున్నది గదా అన్నా! ఫోటో వదిన ఇచ్చింది. బిడ్డనూ అల్లుణ్ణీ తీసేసినం గని నిన్ను మాత్రం కట్ చెయ్యలే, సూడు."

"తియ్యి. ఇప్పుడే తియ్యి."

"అమ్మోరు ఉన్నది గదనే దాని మీద. బోనం ఎక్కకముందే అమ్మోరిని దించుతరా ఎవలన్న? సోమవారం ఘటాన్ని సాగనంపినంక నేనే దించుత. ఏం ఫికర్ జెయ్యకు."

గుండయ్య ఇంటికి పోయి ఆగమ్మను నిలదీశాడు. ఆమెకు అర్థమే కాలేదు. "సార్‌కు దండం పెడ్తే తప్పేంది? మంచే జేసిన గదా," అంది. అతను నిచ్చెన తెచ్చుకుని కమానెక్కాడు. చేతిలో కత్తి ఉంది. ఎదురుగా అమ్మవారి ముఖం, పసుపు, పెద్ద కళ్ళు. కింద ఆడవాళ్ళు బోనాలకు కుండలు కడుగుతున్నారు. ఫ్లెక్సీ కోయాలంటే పైనుంచి కోయాలి. అతని వల్ల కాలేదు. నాకా దేవత మీద నమ్మకం లేదు, అయినా అతని స్థానంలో ఉంటే నేనూ కోసేవాణ్ణి కాదేమో. గుండయ్య కత్తి జేబులో పెట్టుకుని వేపమండలు తెప్పించాడు. వాటిని సోమశేఖర్ గారి ముఖానికి అడ్డంగా కట్టి దిగొచ్చాడు. బోనాలకు వేపమండలు ఎక్కడ కట్టినా ఎవరూ ఎందుకని అడగరు. తన ముఖాన్ని అలాగే వదిలేశాడు.

మంగళవారం సోమశేఖర్ గారు బెంచి మీదికొచ్చారు. గుండయ్య కుర్చీ నెట్టాడు. తీర్పు చదవబోతుండగా వెంచర్ వాళ్ళ వకీలు లేచి, మనవి చేసుకోవాల్సిన సంగతి ఒకటుందన్నాడు. రెండు రంగుల ఫోటోలు బెంచి గుమస్తా చేతి నుంచి పైకి వెళ్ళాయి. ఒకటి ఫ్లెక్సీ కట్టగానే తీసింది. రెండోది వేపమండలు కట్టాక తీసింది.

"వెనక నిలబడ్డ వ్యక్తి తమరి దఫేదారు," అన్నాడు వకీలు. "ఆయన ఇల్లు ఈ కేసులోని సర్వే నంబర్లోనే ఉంది. పిటిషన్‌లో కావాలనే పేరు పెట్టలేదు. సంగతి బయటపడుతుందని తమరి ముఖాన్ని ఆకులతో కప్పారు. దాచాల్సిన పనేముందో మాకు తెలియదు."

హాలు మొత్తం తలెత్తింది. అన్నేళ్ళలో మొదటిసారి అందరూ కుర్చీ వెనక్కి చూశారు. నేనూ చూశాను. ఫోటోలో ఉన్న మనిషి అదే చోట, అదే తీరుగా నిలబడి ఉన్నాడు. పంచె బదులు తెల్లకోటు, అంతే తేడా.

సోమశేఖర్ గారు వెనక్కి తిరగలేదు. "గుండయ్యా, నీ ఇల్లు ఈ బస్తీలోనేనా?" అని అడిగారు.

"అవు సార్."

"కేసు నా ముందుకొచ్చిందని నీకు తెలుసా?"

"తెలుసు సార్."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"కేసుల సంగతి ఎత్తొద్దన్నరు గద సార్."

ఎవరో పకపకా నవ్వారు. సోమశేఖర్ గారు ఫోటోలు బోర్లా పెట్టారు. కలం మూత తీశారు, మళ్ళీ పెట్టారు. తర్వాత నా వైపు చూసి, ఈ కేసు నుంచి తప్పుకుంటున్నాను, వేరే బెంచి ముందు పెట్టండి అని రెండు ముక్కలు చెప్పారు. నేను రాసుకున్నాను. నా పుస్తకంలో, అంతకు ముందు పేజీల్లోనే, ఆ బస్తీని నిలబెట్టే తీర్పు ఉంది. నాకు బాధేయాలి. ఏమీ అనిపించలేదు. చేయి తిమ్మిరెక్కినప్పుడు గిల్లితే ఎలా ఉంటుందో అలా ఉంది. గదిలోకి పోయాక ఆ పేజీలు చింపెయ్యమన్నారు, చింపేశాను.

తర్వాతి సంగతులన్నీ పత్రికల్లో వచ్చాయి. 'దఫేదారు బస్తీకి జడ్జి అండ' అన్నారు. పాత ఆకుపచ్చ టోపీ బొమ్మను మళ్ళీ బయటికి తీశారు. నిలబెట్టిన అధికారి, గోడ, విందు, అన్నీ తవ్వారు. సోమశేఖర్ గారి మీద ఫిర్యాదు పోయింది. దూరదేశం లాంటి ఒక చిన్న రాష్ట్రానికి బదిలీ అయ్యింది. ఆయన పోకుండా రాజీనామా చేశారు. అన్నేళ్ళ ఉద్యోగం నాలుగు అట్టపెట్టెల్లో పట్టింది. గుండయ్యకు ఒక మెమో, విచారణ, చివరికి హెచ్చరిక.

ఆఖరి రోజు సోమశేఖర్ గారు గదిలోంచి బయటికి వస్తే గుండయ్య ఎప్పటిలాగే ముందు నడిచాడు. వరండాలో దారి ఇవ్వాల్సినంత జనం లేరు. కారు దగ్గర ఆయన ఆగారు.

"ఎత్తొద్దన్నది వేరే సంగతయ్యా. నీ ఇల్లు నా ముందుకొస్తే చెప్పాల్సిన పని ఉంటుంది."

"నాకు తెల్వలే సార్."

"అవును. నేనే సరిగ్గా చెప్పలేదు," అని కారెక్కారు. కోపం లేదు, ప్రేమా లేదు. గుండయ్య కారు గేటు దాటేదాకా నిలబడి, పాగా తీసి చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు.

దఫేదారును ఖాళీగా ఉంచరు. అతన్ని మరో జడ్జి దగ్గర వేశారు, నన్నూ అక్కడే వేశారు. రాళ్ళగుంత కేసు కూడా అక్కడికే వచ్చింది. ఈసారి గుండయ్య మొదటి రోజే చేతులు కట్టుకుని చెప్పేశాడు: "సార్, నా ఇల్లు రాళ్ళగుంత బస్తీలనే ఉన్నది." కొత్త జడ్జి ఆ కేసు పిలిచినప్పుడు గుండయ్యను బయట నిలబడమన్నాడు. అలా స్టే ఎత్తేసిన రోజు అతను తలుపవతల ఉన్నాడు. కేసు అయిపోగానే లోపలికి పిలిచారు. వచ్చి కుర్చీ వెనక తన చోట్లో నిలబడ్డాడు. ఏమైందని నన్నడగలేదు. నా ముఖం చూస్తే తెలిసి ఉంటుంది, లేదా చూడకుండానే తెలిసి ఉంటుంది.

కూల్చేవాళ్ళు వచ్చే రోజు సెలవు పెట్టుకొమ్మన్నాను. "ఆడ నిలబడి సూసేదానికంటే ఈడ నిలబడుడే నయం సార్," అన్నాడు. ఆ రోజంతా నిలబడ్డాడు. ఆగమ్మ ఒక్కతే సామాన్లు బయట వేసుకుంది. ఫ్రేమ్ ఫోటోను వైకుంఠం మోసుకొచ్చి ఇస్తే ఆమె దాన్ని నాలాలో పారేసిందట. బస్తీవాళ్ళకు ఊరవతలెక్కడో గదులు చూపించారు. సర్కారు ఉద్యోగి అని గుండయ్యకు అదీ లేదు. ఫలక్‌నుమాలో ఒక గది కిరాయికి తీసుకున్నారు. బస్తీలో ఎవరూ వాళ్ళను పల్లెత్తు మాట అనలేదు. అదే ఆగమ్మను తినేసింది. తిట్టినా బాగుండేదని, అమ్మ అన్నం ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంటోందని భాగ్యశ్రీ నాతో అంది.

ఇప్పుడు గుండయ్య ఫలక్‌నుమాలో రైలెక్కుతున్నాడు. ఉప్పుగూడ స్టేషను వచ్చినప్పుడు ఏ పక్కకు చూస్తాడో నాకు తెలియదు. మలక్‌పేటలో దిగుతాడు, ఇద్దరం ఆటో ఎక్కుతాం. మొన్నొక రోజు ఆటో కదిలాక, ఎటో చూస్తూ అడిగాడు.

"డానియేలు సార్, బోనాల ముందు శుక్రవారం పెద్దసార్ తలుపేసి మీతోని ఏదో రాయించిండు. అది మా బస్తీదేనా?"

ఒక్క ఇటుక కూడా కదపకూడదు. చింపిన కాగితాలు పోయాయి కానీ ఆ మాటలు నాకు నోటికి వచ్చు. చదవని తీర్పు బయటపెట్టకూడదన్న నియమం ఒకటుంది. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది మాత్రం అది కాదు, అన్నం ముందు పెట్టుకుని తినకుండా కూర్చునే ఆగమ్మ.

"కాదు గుండయ్యా. అది వేరే కేసు. మీది సార్ ఇంకా మొదలే పెట్టలేదు."

"ఒట్టా సార్?"

"యేసయ్య మీద ఒట్టు," అన్నాను. నా జన్మలో ఆ పేరు మీద అబద్ధమాడింది అదొక్కసారే, అడిగితే మళ్ళీ ఆడతాను.

గుండయ్య గట్టిగా గాలి పీల్చి వదిలాడు. చాలా నెలల తర్వాత అతని భుజాలు కిందికి దిగడం చూశాను.

"మంచిగైంది సార్. మాపటికి పోంగనే ఆగమ్మకు చెప్త. సార్ రాయనే లేదట, ఏం రాసేటోడో ఎవలకు ఎరుక, నీ ఫోటోతోని ఏం పోలేదే అని చెప్త. రోజూ నన్ను ఇదే అడుగుతాంది."

ఆటో కోర్టు గేటు ముందు ఆగింది. గుండయ్య దిగి, సంచీలోంచి పాగా తీసి పెట్టుకుని, జడ్జిగారి గది వైపు నడిచాడు.